ఫోల్డరులో లేని నీళ్ళు

కడలి పెంటయ్య లస్కరు. కాలవ మీద లాకు దగ్గర తూము షట్టరు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళు ఆ పని ఒకటే తీరుగా చేశాడు. పై ఇంజనీరు ఏఈగారు ఫోను చేసి, "పెంటయ్యా, శివారుకి వదిలెయ్" అనేవారు. పెంటయ్య మర తిప్పేవాడు. షట్టరు లేచేది. నీళ్ళు పోయేవి. పుస్తకంలో తారీకూ గంటా రాసి సంతకం పెట్టేవాడు. ఏడో తరగతి చదివిన చేతికి అంత రాత చాలు.

ఆ పద్ధతిలో రైతులకు లోపం కనబడలేదు. ఆఫీసుకు కనబడింది.

నిరుడు సార్వా పంటకి ఎగువ ఊరివాళ్ళూ దిగువ ఊరివాళ్ళూ నీళ్ళ వంతు దగ్గర కర్రలు పట్టుకున్నారు. మాకు ఫోనులో ఆర్డరొచ్చిందని వీళ్ళు, మాకూ వచ్చిందని వాళ్ళు. ఆరు నెలలు విచారణ జరిగింది. తప్పు ఎగువవాళ్ళదీ కాదు, దిగువవాళ్ళదీ కాదు, ఆఫీసరుదీ కాదు, ఫోనుదని తేలింది. ఫోనును సస్పెండ్ చెయ్యడానికి రూల్సులో దారి లేక, డివిజన్ ఆఫీసులో సర్వరు పెట్టించారు.

డివిజన్‌కి పెద్ద ఇంజనీరు, ఈఈ రంగరాజుగారు సర్క్యులరు ఇచ్చారు. "ఇకమీదట నీటి విడుదలకు సంబంధించిన ప్రతి ఆదేశమును షేర్డ్ ఫోల్డరు ద్వారా మాత్రమే జారీ చేయవలెను. ఫోల్డరులో లేని ఆదేశము ఆదేశము కాదు. ఫోల్డరులో లేని స్థితి స్థితి కాదు. నోటిమాట, ఫోను, కాగితము చెల్లవు. ఉల్లంఘించిన సిబ్బంది తక్షణము సస్పెండు చేయబడుదురు."

లాకు ఇంటికి కూడా ఒక కంప్యూటరు వచ్చింది. పెంటయ్య భార్య పోయి నాలుగేళ్ళు. అతను వండుకునే గదీ పడుకునే గదీ ఒక్కటే. కంప్యూటరు పొయ్యికి ఎడంగా బియ్యం డబ్బా మీద కూచుంది. ఆ మూల కూచుని మాట్లాడే మనిషి ఉన్నప్పుడు ప్రభుత్వం ఆ ఇంటికి ఒక బల్బు కూడా ఇవ్వలేదు.

సర్వరు బిగించడానికి కంపెనీ తరఫున ఇస్మాయిల్ వచ్చాడు. తల నెరిసిన మనిషి. పని ఎక్కువ, మాట తక్కువ. పొద్దున పదింటికి మొదలుపెట్టి పదకొండింటికి చేతులు దులుపుకున్నాడు. లస్కర్లతో సహా అందరినీ కూచోబెట్టి చెప్పాడు.

"ఇది పెద్ద బీరువా అనుకోండి. మీ విండోస్ కంప్యూటర్లన్నీ దీనికి తలుపులు. ఎవరి తలుపు తీసినా లోపలున్నవి అవే ఫైళ్ళు. ఆర్డర్లకి ఒక ఫోల్డరు పెట్టాను. ఈఈగారు అందులో రాస్తారు. మిగతావాళ్ళు చదువుతారు, మార్చలేరు. లస్కర్లకి ఇంకో ఫోల్డరు ఇచ్చాను. షట్టరు ఎత్తారో దించారో వాళ్ళు అందులో రాస్తారు, అందరూ చూస్తారు. ఒక్కొక్కరికి పేరూ, పాస్‌వర్డూ. అంతేనండి."

ఈఈగారు పరీక్షకు తన గదిలో కూచుని ఒక ముక్క రాశారు. ఆ ముక్క హాల్లో పెంటయ్య ముందున్న కంప్యూటరులో కనబడింది.

"వచ్చిందండి!" అన్నాడు పెంటయ్య. నిజంగానే సంతోషించాడు. ఏఈగారి ఫోనుకు సిగ్నలు దొరక్క గట్టు మీద చెయ్యెత్తుకు తిరగడం ఇక తప్పిందనుకున్నాడు.

ఆ సంతోషం నచ్చనివారు ఒక్కరున్నారు. ఆఫీసు సూపరింటెండెంటు జోస్యుల సూర్యప్రకాశంగారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన చేతి మీదుగా పోని కాగితం లేదు. ఆయన చేతిలో ఆగని కాగితమూ లేదు.

"ఏమయ్యా ఇస్మాయిలూ, ఈఈగారి ఆర్డరు డీఈగారూ చూస్తారు, లస్కరూ చూస్తాడు. అంతేనా?"

"అంతేనండి."

"ఒకేసారి?"

"ఒకేసారండి."

"డీఈగారికన్నా ముందు లస్కరు చూసే ప్రమాదముందా?"

"ఎవరు ముందు తెరిస్తే వాళ్ళు ముందు చూస్తారండి."

సూర్యప్రకాశంగారు కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగారు. తాగి, లేచి, ఈఈగారి గదిలోకి వెళ్ళారు. తలుపు మూశారు. సాయంత్రానికి రెండో సర్క్యులరు వచ్చింది.

దాని ప్రకారం ఒక ఫోల్డరు అయిదు ఫోల్డర్లయింది. ఈఈకి ఒకటి, సూపరింటెండెంటుకి ఒకటి, డీఈకి ఒకటి, ఏఈకి ఒకటి, అన్నిటికన్నా కింద లస్కరుకి ఒకటి. ఎవరి ఫోల్డరు వాళ్ళే తెరవాలి. వచ్చిన ఆర్డరును చదివి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాను చేసి, తన కింది మెట్టువాడి ఫోల్డరులో వెయ్యాలి. మెట్టు దాటి చూడడం నేరం.

"అలాగైతే షేరింగ్ ఎందుకండి?" అన్నాడు ఇస్మాయిల్.

"షేరింగంటే అందరి ముందూ కుమ్మరించడం కాదయ్యా. ఎవరి వంతు వాళ్ళకి ముట్టజెప్పడం. నీళ్ళ డిపార్టుమెంటులో ఆ మాత్రం తెలియకపోతే ఎలా?"

"సరేనండి. రేపెప్పుడైనా ఏదైనా ఇరుక్కుంటే నన్ను పిలవండి. నిమిషంలో తీసేస్తాను."

"పిలవడమేమిటి? ఆర్డరు వేస్తాం. నువ్వు బయటి ఏజెన్సీవి. నీకు ఆరో ఫోల్డరు, లస్కరు కింద. సర్వరులో ఏది కదపాలన్నా నీకు ఆర్డరు ఈ మెట్ల మీదుగానే దిగుతుంది."

ఇస్మాయిల్ మళ్ళీ సర్వరు ముందు కూచున్నాడు. అడిగినట్టే బిగించాడు. వెళ్ళేముందు సర్వరు గదికి సాయంత్రం అయిదింటికి తాళం వేసి, మెయిను ఆపడం చూశాడు. ఆఖరున వెళ్ళేవాడు స్విచ్చులన్నీ ఆపాలని పాత మెమో ఉందిట. సర్వరును మినహాయిస్తూ మెమో లేదుట. ఆదివారం ఎలాగూ దానికి సెలవు.

మార్చి వచ్చింది. రెండో పంట, దాళ్వా చేలు పొట్ట విప్పి ఈనాయి. సోమవారం నాడు ఈఈగారు ఆర్డరు రాశారు. "ఇది అందిన తక్షణము శివారు కాలవకు మూడు దినములు నీరు విడుదల చేయవలెను." సూర్యప్రకాశంగారు అదే రోజు ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాను చేసి డీఈగారి ఫోల్డరులో వేశారు. ఆయన సర్వీసులో ఇంత వేగంగా ఏ కాగితమూ కదలలేదు. డీఈగారు ఆదివారమే కాశీ వెళ్ళారు, పదిహేను రోజుల సెలవు మీద.

పెంటయ్య తన ఫోల్డరు తెరిచి చూశాడు. ఖాళీ. మంగళవారం చూశాడు. బుధవారం నాలుగుసార్లు చూశాడు. ఎగువన కాలవ నిండుగా ఉంది. షట్టరుకు దిగువన మట్టి బీటలు తీసింది.

కాలవ చివరన శివారులో ఆరెకరాలున్న కర్రి భద్రాచలం వచ్చి లాకు గట్టు మీద కూచున్నాడు. చేతిలో నాలుగు వెన్నులున్నాయి. ఒక గింజ తీసి గోటితో నొక్కాడు. తెల్లగా పాలు చిందింది.

"చూడు పెంటయ్యా. పాలు పోసుకుంటంది. రేపో ఎల్లుండో తడి తగల్లేదో, గట్టిపడేదేం ఉండదు. ఊరంతా తాలే. మా మూడొందల ఎకరాల్లో ఊక అమ్ముకోవాలి."

"నాకు తెలీదేటండి? ఆర్డరు రాలేదు మరి."

"నీళ్ళు అక్కడున్నాయి. చేలు ఇక్కడున్నాయి. మజ్జిన నువ్వున్నావు."

"మజ్జిన నేను లేనండి. ఫోల్డరుంది. నేనెత్తితే సస్పెన్షను. పోయినేడు ఆర్డరు లేకుండా ఎత్తిన పై లాకు సూరన్నని చూశారుగా, ఇప్పటికీ తిరుగుతున్నాడు ఆఫీసు చుట్టూ."

గురువారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి డివిజన్ ఆఫీసుకు వెళ్ళారు.

సూర్యప్రకాశంగారు శాంతంగా విన్నారు. "ఆర్డరు అయిపోయిందయ్యా. డీఈగారి ఫోల్డరులో భద్రంగా ఉంది."

"డీఈగారు కాశీలో ఉన్నారంటండి," అన్నాడు పెంటయ్య.

"ఉంటే? ఆఫీసు ఆగుతుందా? ఏఈని ఇన్‌చార్జి డీఈగా వేశాం."

భద్రాచలం ముఖం విప్పారింది. "హమ్మయ్య. అయితే ఏఈగారు ఆ ఫోల్డరు తెరిచేస్తారన్నమాట."

"తెరుస్తాడు. తనని ఇన్‌చార్జిగా వేసిన ఆర్డరూ, డీఈగారి పాస్‌వర్డూ చేతికందగానే తెరుస్తాడు."

"అయ్యెక్కడున్నాయండి?"

"డీఈగారి ఫోల్డరులో. ఏఈకి ఏది వెళ్ళినా డీఈగారి మెట్టు మీదుగా దిగాలి కదా."

గోడవారన బల్ల మీద ఇస్మాయిల్ కూచుని ఉన్నాడు. ఎవరో జాలిపడి కబురు పెడితే పొద్దున్నే వచ్చాడు.

"నిమిషం పనండి," అన్నాడు. "ఏఈగారికి ఆ ఫోల్డరు తెరిచే అనుమతి ఇచ్చేస్తాను."

"ఇవ్వవయ్యా. వద్దన్నామా? నీకు ఆర్డరు కూడా వేశాం, మంగళవారమే."

"నాకు రాలేదండి."

"ఎలా వస్తుంది? నువ్వు ఆరో మెట్టు. అదీ డీఈగారి ఫోల్డరులోనే ఉంది."

ఇస్మాయిల్ పెంటయ్యకేసి చూశాడు. పెంటయ్య భద్రాచలంకేసి చూశాడు. భద్రాచలం ఇద్దరినీ లాక్కుని ఈఈగారి గదిలోకి దూసుకెళ్ళాడు. వెనకే సూర్యప్రకాశంగారు.

"బాబ్బాబు, తమరు రాసిన ఆర్డరేనండి. నోటితో ఒక్క ముక్క చెప్పండి, పెంటయ్య మర తిప్పేస్తాడు. పిల్లా పాపా ఉన్నవాళ్ళమండి."

రంగరాజుగారు మంచివారు. ఆయన కళ్ళల్లో బాధ కనబడింది. "నేను చెప్పగలనయ్యా. కాని నేను చెప్పినా, నేను చెప్పినట్టు కాదు. నోటిమాట చెల్లదని నేనే రాశాను. నా మాట నేనే వింటే నా సర్క్యులరుకు విలువేముంటుంది?"

"ఆ సర్క్యులరు మార్చండి."

"మారుస్తాను. మార్పు అమల్లోకి రావాలంటే అది కూడా కిందికి దిగాలి."

"డీఈగారి ఫోల్డరు మీదుగా," అన్నారు సూర్యప్రకాశంగారు, ఎవరూ అడగకుండానే.

భద్రాచలం తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. చేతిలో వెన్నులు ఈఈగారి బల్ల మీద పెట్టి బయటకు నడిచాడు. పెంటయ్య కదల్లేదు. అతనికి ఏదో లెక్క తేలుతున్నట్టుంది. సూర్యప్రకాశంగారి వైపు తిరిగాడు.

"అయ్యా, కోప్పడకండి. చిన్న అనుమానం. రికార్డులో మా తూము ఇప్పుడెలాగుందండి?"

"మూసి ఉంది."

"ఇప్పుడు కాకిలాటిది వచ్చి షట్టరు ఎత్తేసిందనుకోండి. రికార్డులో ఎలాగుంటదండి?"

"కాకి ఎత్తడమేమిటి? రికార్డులో స్థితి మారాలంటే లస్కరు నివేదిక పెట్టాలి."

"నేను నివేదిక ఎప్పుడు పెట్టాలండి?"

"ఆర్డరు అందిన తరవాత. ఆర్డరు లేకుండా నివేదిక పెడితే సర్వరు తీసుకోదు. నేనే అలా బిగించమన్నాను." చివరి మాట ఆయన కాస్త గర్వంగానే అన్నారు.

"అంటే ఆర్డరు అందేదాకా తూము మూసే ఉంటదండి."

"ముమ్మాటికీ."

"ఎవరేం చేసినా?"

"ఎవరేం చేసినా మూసే ఉంటుంది. ఫోల్డరులో లేని స్థితి స్థితి కాదు. ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"

"ఇంక చెప్పక్కర్లేదండి," అన్నాడు పెంటయ్య. దణ్ణం పెట్టి బస్సెక్కాడు.

శుక్రవారం తెల్లవారగానే మర తిప్పాడు. షట్టరు లేచింది. నీళ్ళు బీటల్లోకి బుసకొడుతూ దిగాయి. మధ్యాహ్నానికి భద్రాచలం చేను తడిసింది. పెంటయ్య అన్నం వండుకుని, తిని, కంప్యూటరు తెరిచి చూశాడు. తూము మూసే ఉంది. కంప్యూటరు మీద అతనికి మొదటిసారి గౌరవం కలిగింది.

శనివారం ఎగువ ఊరివాళ్ళు ఆఫీసుకు ఫిర్యాదు పట్టుకొచ్చారు. తూము తెరిచారు, మా కాలవలో మట్టం దిగిందని. ఆ మధ్యాహ్నమే ఈఈగారూ, సూర్యప్రకాశంగారూ జీపులో, వెనకే ఫిర్యాదీలూ లాకు దగ్గరికి వచ్చారు. షట్టరు కింద నీళ్ళు పడే హోరుకు ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు.

"పెంటయ్యా! ఏమిటీ చప్పుడు?" ఈఈగారు అరిచారు.

"ఏ చప్పుడండి?" పెంటయ్య కూడా అరిచాడు.

"నీళ్ళు పోతున్నాయి కదయ్యా!"

"నేను ఏడు చదివినోణ్ణండి! తమరే ఫోల్డరు చూసి చెప్పండి!"

సూర్యప్రకాశంగారు లాప్‌టాప్ తెరిచారు. చాలాసేపు చూశారు. తల పైకెత్తి నీళ్ళకేసి చూశారు, దించి లాప్‌టాప్‌కేసి చూశారు. ఫిర్యాదీలు మెడలు సాచి నిలబడ్డారు.

ఆయన ముందు రెండు దార్లున్నాయి. తూము తెరిచి ఉందంటే, ఫోల్డరు అబద్ధం. ఫోల్డరు అబద్ధమైతే రెండో సర్క్యులరు అబద్ధం. రెండో సర్క్యులరు రాసింది ఆయన. మూసి ఉందంటే, అబద్ధం నీళ్ళు ఒక్కటే. గట్టు మీదే కూచుని నివేదిక రాశారు. ఈఈగారు సంతకం చేశారు.

"క్షేత్రస్థాయి పరిశీలనలో తూము తెరచియున్నట్లు కనబడినది. అయినను రికార్డు ప్రకారము మూసియున్నందున, సదరు కనబడుట పరిగణనలోనికి తీసుకొనబడలేదు. ఫిర్యాదు నిరాధారమని త్రోసిపుచ్చడమైనది. లస్కరు ప్రవర్తనలో లోపమేమియు లేదు."

"మరి ఈ నీళ్ళేటండి?" అన్నాడు ఫిర్యాదీల్లో ఒకడు.

"ఏ నీళ్ళు?" అన్నారు సూర్యప్రకాశంగారు.

మూడు రోజులు నిండగానే పెంటయ్య, మూసే ఉన్న తూమును మూశాడు. శివారులో గింజ గట్టిపడింది.

డీఈగారు కాశీ నుంచి వచ్చారు. ఫోల్డరులో నలభై ఆర్డర్లున్నాయి. అన్నీ ప్రింటు తీశారు, సంతకాలు పెట్టారు. స్కానరు చెడింది. అది బాగయ్యేసరికి ఏప్రిల్ సగమైంది. ఏఈ తాను పదిహేను రోజులు ఇన్‌చార్జి డీఈగా ఉన్నట్టు అప్పుడు తెలుసుకుని ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యంలోనే మిగతా ఆర్డర్లన్నీ కిందికి వేశాడు.

ఒక ఉదయం పెంటయ్య ఫోల్డరు తెరిచేసరికి ఆర్డరు ఉంది. "ఇది అందిన తక్షణము శివారు కాలవకు మూడు దినములు నీరు విడుదల చేయవలెను."

శివారులో కోతలు అంతకు ముందురోజే అయ్యాయి. మూడొందల ఎకరాల్లో పనలు నేల మీద పరిచి ఉన్నాయి, ఎండకు.

పెంటయ్య ఆఫీసుకు ఫోను చేశాడు. "అయ్యా, ఆర్డరొచ్చిందండి. చేలన్నీ కోసేశారు. ఇప్పుడు నీళ్ళొదిలితే పనలు మొలకలొచ్చేస్తాయండి. రద్దు చెయ్యండి బాబూ."

"రద్దు చెయ్యొచ్చు," అన్నారు సూర్యప్రకాశంగారు. "రద్దు ఆర్డరు ఇవాళే ఈఈగారి ఫోల్డరులో పెట్టిస్తాను. డీఈగారు రాగానే..."

"మళ్ళీ ఎక్కడికెళ్ళారండి?"

"బావమరిది గృహప్రవేశం. పది రోజులు. ఈలోగా ఉన్న ఆర్డరు అమలు చెయ్యి. చెయ్యకపోతే సస్పెన్షను. ఫోను చెల్లదు కనుక ఈ మాట నీకు నేను చెప్పలేదు."

భద్రాచలం అప్పటికే గట్టెక్కి వస్తున్నాడు. వార్త ఎవరి నోట విన్నాడో, ముఖం పాలిపోయింది. "పెంటయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆనాడు ఒదిలినందుకు బతికాం. ఈనాడు ఒదిలావా, సచ్చాం. గింజ గింజా నీళ్ళలోకే పోతాది."

"నా ఉద్యోగం కూడా అందులోకే పోతాదండి, ఒదలకపోతే."

పెంటయ్య మర మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత చెయ్యి తీసి లాకు ఇంట్లోకి నడిచాడు. బియ్యం డబ్బా ముందు బాసిపట్లు వేసుకుని కూచుని, ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాడు. ఇరవై ఆరేళ్ళలో ఏ షట్టరూ అతనికి ఇంత బరువనిపించలేదు. "తూము తెరవబడినది. కాలవలో నీటి లోతు రెండడుగులు."

సర్వరు తీసుకుంది. బయటికొచ్చాడు. షట్టరు దిగే ఉంది.

"ఇంటికెళ్ళి పడుకోండి," అన్నాడు భద్రాచలంతో. "నీళ్ళొదిలేశాను."

ఆఫీసులో సంబరమైంది. ఆర్డరు అందిన రోజే అమలు కావడం ఆ డివిజన్‌లో ఎన్నడూ లేదు. ఈఈగారు ఆ నివేదిక పైకి పంపారు. ఫోటోలు కావాలని పైనుంచి కబురొచ్చింది. నీళ్ళందిన రైతులతో, పొలాల్లో.

మర్నాడు జీపు శివారు గట్టున ఆగింది. ఈఈగారు, సూర్యప్రకాశంగారు దిగారు. రైతులు కాలవ అవతలి గట్టున నిలబడ్డారు. వంతెన మైలు దూరంలో ఉంది. ఎండ మాడుస్తోంది. కాలవ అడుగున దుమ్ములో రెండు దూడలు పడుకుని నెమరు వేస్తున్నాయి.

ఈఈగారు కాలవకేసి చూశారు. చాలాసేపు చూశారు. తరవాత సూర్యప్రకాశంగారికేసి తిరిగారు.

సూర్యప్రకాశంగారు లాప్‌టాప్ తెరిచారు. "రెండడుగులు సార్."

అవతలి గట్టున భద్రాచలం ఊపిరి బిగబట్టాడు. అతని వెనక మూడొందల ఎకరాల పనలున్నాయి. పెంటయ్య ఇవతల జీపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈఈగారు మెల్లిగా వంగారు. బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పి బూట్లలో కుక్కారు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు. ఆయన్ని చూసి సూర్యప్రకాశంగారు పంచె ఎగ్గట్టి లాప్‌టాప్ నెత్తిన పెట్టుకున్నారు.

"తమరు నా చెయ్యి పట్టుకోండి," అన్నాడు పెంటయ్య. "మజ్జిలో కొంచెం లోతుంటదండి."

ముగ్గురూ దిగారు. దూడలు లేచి దారిచ్చాయి. పెంటయ్య ముందు నడిచాడు. ఈఈగారు అడుగు తీసి అడుగు వేస్తూ, ఒక చేత్తో బూట్లు పైకెత్తి పట్టుకుని నడిచారు. మధ్యలో సూర్యప్రకాశంగారు ఒకసారి తూలి, "వడి ఎక్కువగా ఉంది సార్," అన్నారు.

ఒడ్డెక్కాక భద్రాచలం తన కండువా అందించాడు. ఈఈగారు కాళ్ళు తుడుచుకున్నారు.